నష్టం ఫారంలో మా లైబ్రరీకి గడి లేదు

వరద తగ్గాక బడుల నష్టం రాసుకోవడానికి వచ్చే అధికారులకు, ఆ ఫారాలు తయారుచేసి పంపే పెద్దలకు,

నమస్కారం.

నేను విజయవాడలో బుడమేరు వాగు ముంచిన కాలనీల మధ్య ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. లైబ్రరీ నాకు అదనపు బాధ్యత. అదనపు బాధ్యతంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. వారానికి రెండు పీరియడ్లు, ఒక తాళాల గుత్తి, ఒక స్టాక్ రిజిస్టరు, పుస్తకం పోతే సంజాయిషీ.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో ఉన్నాయి. పైన బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, అది రికార్డు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. మా వీధుల్లో వారం దాటినా నీళ్లు కదల్లేదు. ఇదంతా పేపర్లలో వచ్చింది. రానిది ఒక్కటే, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నీళ్లు తీశాక మా బడికి ఒక బృందం వచ్చింది. పాపం, వాళ్లు ఆ ఒక్కరోజులో బురదలో ఎన్ని బళ్లు తిరిగారో. అందుకే పేర్లు రాయడం లేదు, ఏ ఆఫీసు నుంచి వచ్చారో కూడా రాయడం లేదు. వాళ్ల చేతికిచ్చిన కాగితమే కురచ. హెచ్చెం గారు చెబుతుంటే వాళ్లు రాసుకున్నారు. ప్రహరీ ఎన్ని మీటర్లు పడింది? మరుగుదొడ్ల తలుపులు ఎన్ని? బెంచీలు? మధ్యాహ్న భోజనం బియ్యం ఎన్ని బస్తాలు తడిసింది? కంప్యూటర్లు? మోటారు? నేను మధ్యలో "సార్, లైబ్రరీ" అన్నాను. ఆయన ఫారం ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "దానికి గడి లేదు మేడం, ఇతరములులో రాయండి" అన్నారు.

ఇతరములు గడి నా బొటనవేలంత ఉంది. అందులో అప్పటికే "గోడ గడియారం 1, మైకుసెట్టు 1" అని ఉంది. దాని పక్కన ఇరికించి "పుస్తకాలు" అని రాశాం. ఎన్ని అని ఎవరూ అడగలేదు. గది చూపిస్తానంటే టైము లేదన్నారు. వాళ్ల జీపు వెళ్లాక నేనొక్కదాన్నే వెళ్లి ఆ గది తాళం తీశాను.

మాది పెద్ద లైబ్రరీ ఏం కాదు. ఐదు ఇనుప బీరువాలు, రిజిస్టరు ప్రకారం 1,460 పుస్తకాలు. గోడ మీద నీటి గీత నాలుగున్నర అడుగుల దగ్గర ఉంది. మొదటి బీరువా తలుపు రాలేదు. తాళం తిరిగింది, గడియ కదిలింది, తలుపు మాత్రం రాలేదు. మా వాచ్‌మన్ గునపం తెచ్చి పెకలిస్తే అప్పుడు అర్థమైంది: పుస్తకాలు నీళ్లు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని, బీరువా వెనక రేకును కూడా బయటికి తోసేశాయి. అర మొత్తం ఒకే ఇటుక. ఒక పుస్తకం లాగితే అట్ట చేతికొచ్చింది, లోపలిది అక్కడే ఉండిపోయింది. వాసన గురించి రాయను. ఆ నీళ్లలో ఏమేం కలిశాయో ఆ కాలనీల్లో ఉన్నవాళ్లకు తెలుసు.

ఇక్కడ ఒక సంగతి మీరు గమనించాలి. పైరెండు అరలు నీటి గీతకు ఎగువనే ఉన్నాయి. వాటిలో దాదాపు 380 పుస్తకాలు. వాటికి నీటిచుక్క తగల్లేదు. అయినా తలుపులు మూసిన గదిలో, కిందంతా నీళ్లు నిలిచి, కరెంటు లేక, గాలి ఆడక అన్నిరోజులు ఉడికాయి. వాటి అంచుల మీద నల్లటి, పచ్చటి బూజు. తుడిస్తే పోయేది కొంత, కాగితం లోపలికి దిగిపోయింది కొంత. చివరికి వాటిలో 143 మాత్రమే పిల్లల చేతికి ఇవ్వదగ్గవిగా తేలాయి. మీ ఫారంలో "నీరు ఎన్ని అడుగులు" అని ఒక ప్రశ్న ఉంది. దాని ప్రకారం ఆ పైఅరల నష్టం సున్నా.

కాగితం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అంచనా వేసేవాళ్లకు ఇది తెలియకపోతే లెక్క తారుమారవుతుంది. మెరిసే కాగితం మీద రంగుల బొమ్మలతో అచ్చయిన పుస్తకాలున్నాయే, పిల్లలు ముందు పట్టుకునేవి, ఖరీదైనవి, అవే ముందు పోయాయి. ఆ నునుపు కోసం కాగితానికి పూసే పూత తడిస్తే జిగురవుతుంది. తడి ఆరేలోపు పేజీలు విడదీయకపోతే ఇంక విడదీయలేం, చింతపండు ముద్దే. పాత గరుకు కాగితం మీద అచ్చయిన, ముప్ఫై నలభై రూపాయల పుస్తకాలు పైఅరల్లో చెమ్మకు ఉబ్బాయి, వంకర్లు పోయాయి, కానీ ఆరబెడితే చదవడానికి వచ్చాయి. ఆ 143లో ఎక్కువ అవే. కాబట్టి పోయిన పుస్తకాల సంఖ్యను సగటు ధరతో గుణిస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. పోయినవి ఖరీదైనవి, మిగిలినవి చవకవి.

తడిసిన కాగితానికి బూజు పట్టడం రెండుమూడు రోజుల్లోనే మొదలవుతుందని పుస్తకాలు కాపాడేవాళ్లు చెబుతారు. 1966 నవంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్‌ను ఆర్నో నది ముంచినప్పుడు అక్కడి జాతీయ గ్రంథాలయం బురదలో కూరుకుపోయింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రవాళ్లు వరసల్లో నిలబడి చేతిమీద చేతిగా పుస్తకాలు పైకి చేరవేశారు. తడి పుస్తకాన్ని ఎలా బతికించాలన్న విద్య చాలామటుకు ఆ బురదలో నేర్చుకున్నదే. ఇప్పుడు పెద్ద గ్రంథాలయాలు తడి పుస్తకాలను ముందు గడ్డకట్టించి, తీరిగ్గా ఆరబెడతాయి. (మన భీమవరం వైపు రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంట్లు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. బడి పుస్తకాలకు అంత హంగామా వద్దు గానీ, వందేళ్ల నాటి పుస్తకాలున్న గ్రంథాలయాలవాళ్లు ఒక్క ఫోన్ నంబరు రాసి పెట్టుకోవచ్చు.) మా బడికి కావలసింది ఇంకా చిన్నది: పాత న్యూస్‌పేపర్లు, దండేలు, గాలి, మనుషులు. మండుటెండలో వేయకూడదని, తడిమీద పేజీలు బలవంతంగా విప్పకూడదని, బురద పుస్తకాన్ని మూసి పట్టుకునే కడగాలని చెప్పే ఒక్క పేజీ కాగితం. మురుగు కలిసిన నీళ్లలో నానినవాటిని పిల్లల చేత అసలు ముట్టించకూడదని కూడా అందులో ఉండాలి. మొదటిరోజు మేం చేసిన తప్పు అదే. తొమ్మిదో తరగతి పిల్లలు ఉత్సాహంగా చేతులు పెట్టేశారు, తర్వాత నాకే భయమేసి అందరికీ సబ్బుతో చేతులు కడిగించాను.

ఇప్పుడు పిల్లల ఇళ్లలో ఉన్న పుస్తకాల సంగతి.

వరద వచ్చిన నాటికి 46 పుస్తకాలు పిల్లల దగ్గర ఉన్నాయి. బడి తెరిచిన మూడోరోజు ఎనిమిదో తరగతి కుర్రాడొకడు స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పాల ప్యాకెట్లు పంచినప్పటి ప్లాస్టిక్ సంచి.

"టీచర్, ఫైనెంత?"

సంచి విప్పితే పుస్తకం పొడిగా ఉంది. ఒక మూల నలిగింది, అంతే. "బాగానే ఉంది కదరా, ఫైనెందుకు?" అన్నాను.

"ఏడో తారీఖుకి ఇవ్వాలి టీచర్. డేటు దాటిపోయింది."

వాళ్లది కింద వాటా, అద్దె ఇల్లు. నీళ్లు గుమ్మమెక్కుతున్నప్పుడు వాళ్లమ్మ రేషన్ కార్డు, ఆధార్లు, గొలుసు తాకట్టు చీటీ ఒక సంచిలో వేసి మేడమీదికి పంపిస్తూ, "అది బడిది, పోతే డబ్బు కట్టమంటారు" అని లైబ్రరీ పుస్తకం కూడా అందులో పడేసిందట. పడవల్లో వచ్చిన పాలు, పులిహోర పొట్లాలతో మేడమీద గడిపిన ఆ రోజుల్లో పక్కవాటా పిల్లలతో కలిసి దాన్ని రెండుసార్లు చదివాడట.

అలా 46లో 19 తిరిగొచ్చాయి. నూటికి నలభై. నేను తాళం వేసి బీరువాల్లో భద్రంగా దాచినవాటిలో బతికినవి నూటికి పది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్న రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పుస్తకాలు బయటికి ఇవ్వడానికి నేనెంత పిసినారినో నా పిల్లలకు తెలుసు.

ఎందుకు పిసినారినో మీకూ తెలుసు. నాకు ముందు ఈ బాధ్యత చూసిన మాస్టారు రిటైరయ్యే ముందు, లెక్కకు రాని పుస్తకాలకు జేబులోంచి కట్టి నో డ్యూస్ తెచ్చుకున్నారు. అది చూశాక ఎవరైనా తాళం బిగిస్తారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 నాటివి, ఏం చెబుతున్నాయో ఒకసారి చూడండి. ఏడాదిలో చదవడానికిచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోతే, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే, దాన్ని సహజంగానే తీసుకోవచ్చంటాయి. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైనదో పోతేనే తప్పకుండా విచారణ. ఆ నిబంధనలు మన రాష్ట్ర బళ్లకు నేరుగా వర్తించవు, సరే. కానీ చదివితే పుస్తకం పోతుందని ఢిల్లీ ఒప్పుకుంది. ఊరు మునిగితే పుస్తకం పోతుందని ఒప్పుకోవడానికి మాకు ఏ కాగితం కావాలి?

ఇది ఊరికే అడగడం లేదు. మా దగ్గర 22 సంచులున్నాయి. మధ్యాహ్న భోజనం బియ్యం సంచులు. వాటి నిండా ఆరి గడ్డకట్టిన పుస్తకాలు. పారేద్దామంటే స్టాక్‌లోంచి తీసేసినట్టు ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేకుండా పారేస్తే రేపు రికవరీ నా మీదికొస్తుంది. చిత్తుకాగితాల బండివాడు కూడా బూజు చూసి వద్దన్నాడు. అందుకని అవి లైబ్రరీ గదిలోనే ఉన్నాయి, మిగిలిన 162 పుస్తకాలకు పక్కనే. బూజు ఒకచోట ఊరుకోదు. సంచుల నుంచి మంచి పుస్తకాలకు పాకుతోంది. ప్రతి శనివారం వాటిని దులపడం ఇప్పుడు నా అదనపు బాధ్యతకు అదనం.

ఇంకో విచిత్రం వినండి. దేశంలోని బడుల లెక్కంతా ఎక్కే యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ లెక్కలో ప్రతి ఏడాదీ సెప్టెంబరు 30 నాటి లెక్కతో బడి వివరాలు నింపుతాం కదా, అందులో లైబ్రరీ ఉందా లేదా, పుస్తకాలెన్ని అని ఒక ప్రశ్న ఉంది. నీళ్లు పోయి నెల తిరగకుండానే ఆ తేదీ వచ్చింది. స్టాక్‌లోంచి తీసేయలేదు కాబట్టి మేం 1,460 అనే నింపాం. కంప్యూటర్‌లో మా లైబ్రరీకి వరద రాలేదు. ఎక్కడో ఎవరో మన జిల్లా బళ్లలో పుస్తకాలు కూడితే, ఆ మొత్తంలో మా బియ్యం సంచులు కూడా కలుస్తాయి.

ఈ యూడైస్ లెక్కే మీకు ఆధారం కాగలదు కూడా. వరదకు ముందు ప్రతి బడిలో ఎన్ని పుస్తకాలున్నాయో మీ దగ్గర అంకె సిద్ధంగా ఉంది. నష్టం అంచనాలో కష్టమైన సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఒక్క వరస: ముందు ఎన్ని, ఇప్పుడు వాడదగ్గవి ఎన్ని, తడిసినవి, బూజు పట్టినవి, పిల్లల దగ్గర ఉన్నవి. బీరువాలు పనికొస్తాయా? రిజిస్టరు ఉందా? ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. మా స్టాక్ రిజిస్టరు కింది అరలో ఉండేది, అదీ పోయింది. ఇంకుపెన్నుతో రాసిన నంబర్లన్నీ నీలం మరకలు, బాల్‌పెన్ను రాతలు మాత్రం నిలిచాయి. గ్రంథాలయ వారోత్సవాలకు వరదకు ముందు ఏడాది తీసిన సెల్‌ఫోన్ ఫొటోల్లో బీరువాలు తెరిచి ఉన్నవి దొరికితే, వాటిని పెద్దవి చేసి, అట్టల మీది పేర్లు చదువుతూ సగం జాబితా మళ్లీ రాసుకున్నాం. తుపాను రోజులకు ముందే ప్రతి బడి రిజిస్టరు పేజీలు ఫొటో తీసి మండలానికి పంపమని మీరొక మెసేజ్ పెడితే చాలు. ఖర్చు లేదు. మన తీరానికి ఆ రోజులు కొత్త కావు. దివిసీమ 1977 నవంబరు 19, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, మొంథా 2025 అక్టోబరు 28. దసరా, దీపావళి ముందువెనకల్లోనే ఎక్కువ వస్తాయి.

ఇక అవసరం సంగతి. నష్టం వేరు, అవసరం వేరు. హుద్‌హుద్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకులతో కలిసి వేసిన అంచనాలో కూడా ఈ రెండూ విడివిడిగానే చూశారు. మా 1,460లో, నిజం చెప్పాలంటే, మూడోవంతు ఎవరూ ముట్టనివి. పాతికేళ్ల నాటి జనరల్ నాలెడ్జి, ఒకే పుస్తకం పదిహేను కాపీలు, ఎవరో పంచిపెడితే తీసుకున్న ప్రచార సంపుటాలు. వాటిని అలాగే మళ్లీ కొనిస్తే నాకొద్దు. ఏవి కావాలో తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే ఇష్యూ రిజిస్టరు చూస్తే చాలు. మాది అదృష్టవశాత్తు నా టేబుల్ సొరుగులో పై అంతస్తులో ఉండి బతికింది. దాని ప్రకారం మా పిల్లలు తిరగేసినవి మూడు రకాలు: బొమ్మల కథలు, దెయ్యాల కథలు, క్రికెటర్ల జీవితాలు. ఆరో తరగతివాళ్లకు ఒకటి రెండు తరగతుల స్థాయి పుస్తకాలు ఇంకా కావాలి. కొందరికి ఉర్దూ, కొందరు వలస కూలీల పిల్లలకు హిందీ. ఇది ఏ ఫారమూ అడగదు.

అడగకపోతే ఏమవుతుందో చూశాం. దాతలు పంపిన పుస్తకాల డబ్బాలు వచ్చాయి. వాళ్ల మంచి మనసుకు దండం. విప్పితే పాత ఎంసెట్ గైడ్లు, మెడికల్ కోచింగ్ మెటీరియల్, సగం నింపేసిన వర్క్‌బుక్కులు, ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం నాలుగో సంపుటం ఒక్కటీ. వాటిని పెట్టడానికి బీరువా లేదు, కాదనడానికి నోరు రాదు. అవసరాల జాబితా మీరు మొదటి వారంలోనే తీసి బయట పెట్టి ఉంటే, ఆ దాతలే అవి చూసి కొనిచ్చేవాళ్లు.

డబ్బు గురించి రెండే మాటలు. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల వరకు లైబ్రరీ గ్రాంటు ఉంది. వరద బడికి కూడా "ఆ గ్రాంటులోంచే సర్దుకోండి" అంటే, మునిగిన బడి, మునగని బడి ఒకటే అయ్యాయి. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో బడి భవనం మరమ్మతు ఉంది. గోడ లేచి నిలబడుతుంది, గది ఖాళీగా ఉంటుంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రిక, పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు కూడా ఉండాలని రాసి ఉంది. చట్టంలో ఉన్న గదికి నష్టం ఫారంలో గడి ఉండకపోవడం నాకు కొరుకుడు పడదు.

కొత్త పుస్తకాలు వచ్చేదాకా ఏం చేయాలి? ఊళ్లో గ్రంథాలయ సంస్థ శాఖలున్నాయి, ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు మనం కట్టే గ్రంథాలయ పన్ను వాటికే. మునగని శాఖల నుంచి మూడు నెలలు ఒక్కో బడికి ఓ రెండు వందల పుస్తకాలు అరువిప్పించండి. 1911లోనే రామమోహన గ్రంథాలయం వెలిసిన ఊరు ఇది. 1930ల్లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరా తిప్పారు. 2024 వరదలో సింగ్‌నగర్ వీధుల్లోకి కూడా పడవలొచ్చాయి. బియ్యం, పాలు ముందు రావాలి, అందులో రెండో మాట లేదు. తర్వాతి పడవలో ఏం రావాలన్నది కూడా ఎవరైనా ఆలోచించి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది నవంబరు 14న వారోత్సవాలు జరపమని మామూలుగానే సర్క్యులర్ వచ్చింది. ఫొటోలు పెట్టమన్నారు. ఆ 162 పుస్తకాలను మూడు బెంచీల మీద పరిచి, వెనక సంచులు కనపడకుండా బ్యానరు కట్టి ఫొటో తీశాం. ఆ ఫొటో ఏ గ్రూపులో పెట్టామో ఆ గ్రూపులో బొటనవేళ్లు వరసగా వచ్చాయి.

స్టాక్‌లోంచి తీసేయడానికి పెద్ద కమిటీలొద్దు. హెచ్చెం, లైబ్రరీ చూసే టీచరు, తల్లిదండ్రుల కమిటీ నుంచి ఒకరు, వచ్చిన అధికారి ఒకరు, నలుగురూ గదిలో నిలబడి ఫొటోలు తీసి, అక్కడికక్కడే జాబితా మీద సంతకాలు పెడితే సరిపోతుందని ఒక్క వాక్యం మీ ఫారం కింద చేర్చండి. విపత్తులో పోయిన పుస్తకానికి రికవరీ ఉండదని ఇంకో వాక్యం.

మా జాబితా మూడు కాపీలు రాసి పెట్టుకున్నాను. మా హెచ్చెం గారి సంతకం అయింది, నాది అయింది. ఆ కుర్రాడి వాళ్లమ్మ ఇప్పుడు కమిటీలో ఉంది, ఆవిడా పెట్టింది. నాలుగో గీత ఖాళీగా ఉంది. లైబ్రరీ తాళం నా దగ్గరే ఉంటుంది, నేను సెలవైతే మా బడి ఆయా దగ్గర. వచ్చేముందు ఫోన్ చేయక్కర్లేదు. ముక్కుకు గుడ్డ మాత్రం తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు (లైబ్రరీ అదనం)
విజయవాడ